ఏడాదికి ఎంత వస్తుంది? – జేన్ ఆస్టిన్ గురించి ఒక సాయంత్రం

(గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ముందు వరసలో ఖాళీలున్నాయి, రండమ్మా, ముందుకొచ్చి కూర్చోండి, మొహమాటం అక్కర్లేదు.

ఈరోజు జేన్ ఆస్టిన్ గురించి మాట్లాడుకుందాం. 1775 డిసెంబరు 16న ఇంగ్లండులో హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే చిన్న పల్లెలో పుట్టింది. నాన్న ఆ ఊరి చర్చిలో పాస్టరు. 1817 జూలై 18న వించెస్టర్‌లో పోయింది. 41 ఏళ్లు బతికింది. పూర్తిచేసిన నవలలు ఆరు. ఆరే. వాటిలో రెండు ఆవిడ పోయాక అచ్చయ్యాయి. బతికుండగా వచ్చిన నాలుగింటిలో ఒక్కదాని మీద కూడా ఆవిడ పేరు లేదు. 1811లో మొదటి నవల వచ్చినప్పుడు రచయిత పేరు ఉండాల్సిన చోట 'ఒక మహిళ' అని వేశారు, అంతే. మరి ఇంత తక్కువ రాసిన మనిషి, పుస్తకం మీద పేరు కూడా లేని మనిషి, ఇవాళ ఇంగ్లండు పది పౌండ్ల నోటు మీద ఉంది, సినిమాల్లో ఉంది, యూట్యూబులో ఉంది, ఆవిడ నవల ఒక తమిళ సినిమాగా మారి, తెలుగులోకి డబ్బింగ్ అయి మన ఊళ్ల హాళ్లలో కూడా ఆడింది. ఎందుకు? రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఎందుకు?

మామూలుగా ఒక జవాబు చెబుతారు. ప్రేమకథలు కదండీ, గుర్రపు బళ్లు, పెద్ద పెద్ద బంగళాలు, పొడుగు గౌన్లు, డాన్సులు, చివర్లో పెళ్లి, అందుకే జనానికి ఇష్టం అంటారు. ఈ జవాబు నాకు ఎప్పుడూ చాలలేదు. బంగళాలూ గౌన్లూ ఉన్న నవలలు ఆ రోజుల్లో కుప్పలుతెప్పలుగా వచ్చాయి, వాటిలో చాలావాటి పేర్లు కూడా ఇవాళ ఎవరికీ గుర్తులేవు. నేననేది ఏంటంటే, ఆవిడ నిలిచింది డబ్బు గురించి రాయడం వల్ల. డబ్బు గురించి అంత సూటిగా, కళ్లు తిప్పుకోకుండా రాయడం వల్ల. ఆస్టిన్ నవలలో కొత్త మనిషి ఎవరైనా వస్తే ముక్కు ఎలా ఉందో, కళ్లు ఏ రంగో మనకి సరిగా తెలియదు, కానీ ఏడాదికి ఎంత వస్తుందో మాత్రం తెలిసిపోతుంది.

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' తీసుకోండి. 1813లో వచ్చింది. అందులో డార్సీ డాన్సు హాల్లో అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లో హాలంతా ఒక వార్త పాకిపోతుంది. ఏమని? ఏడాదికి పదివేల పౌండ్లు అని! ఆ ఐదు నిమిషాలు అనే మాట నవలలో ఉన్నదే, నేను కల్పించింది కాదు. అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు. ఐదుగురు ఆడపిల్లల తండ్రి బెన్నెట్‌గారికి రెండువేలు. ఇప్పుడు చెప్పండి, మన పెళ్లిసంబంధాల్లో అబ్బాయి పేరు కంటే ముందు ప్యాకేజీ ఎంతో అడగడం లేదూ? అమెరికా సంబంధమైతే గ్రీన్‌కార్డు వచ్చిందా రాలేదా అని అడగడం లేదూ? ఈ హాల్లో ఉన్న ఆడపిల్లలకి నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

సరే, ఆ బెన్నెట్‌గారి రెండువేల సంగతి చూద్దాం. ఆ ఎస్టేటు మగవారసుడికే చెందాలని పూర్వమే షరతు ఉంది. కొడుకు లేడు కాబట్టి ఆయన పోగానే ఇల్లూ పొలాలూ కాలిన్స్ అనే దూరపు బంధువుకి పోతాయి. తల్లీ ఐదుగురు కూతుళ్లూ రోడ్డున పడతారు. ఆ కాలిన్సే వచ్చి బెన్నెట్‌గారి రెండో కూతురు ఎలిజబెత్‌ని పెళ్లాడతానంటాడు. అడిగే తీరు చూడండి. నీకు వచ్చేది నాలుగు శాతం వడ్డీ మీద ఉన్న వెయ్యి పౌండ్లు, అదీ మీ అమ్మ పోయాకే, అయినా పెళ్లయ్యాక దాని గురించి నేను ఒక్క మాట కూడా దెప్పను అంటాడు. లెక్క కట్టండి. వెయ్యికి నాలుగు శాతం అంటే ఏడాదికి 40 పౌండ్లు. డార్సీ పదివేల పక్కన ఈ నలభై పెట్టి చూడండి. ఆ నలభై పౌండ్ల పిల్ల ఇద్దరికీ కాదని చెప్పింది, ఒకసారి కాలిన్స్‌కి, ఒకసారి డార్సీకి. ఆ కాదనడంలో ఎంత ధైర్యం ఉందో ఆ నలభై గుర్తుంటేనే తెలుస్తుంది. గుర్తులేకపోతే అదొక గడుసు పిల్ల కథ, అంతే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఎలిజబెత్ తల్లి, మిసెస్ బెన్నెట్. ఆవిడని చూసి అందరూ నవ్వుతారు. సినిమాల్లో ఆవిడని కేకలు వేసే మనిషిగా చూపిస్తారు. క్లాసులో పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కూడా నవ్వేవాళ్లు. కానీ ఆ ఇంట్లో లెక్క వేసుకున్నది ఎవరండీ? ఆవిడ ఒక్కతే. ఆయన పుస్తకాల గదిలో కూర్చుని భార్య మీద చమత్కారాలు విసురుతుంటాడు, చదివేవాళ్లకి భలే నచ్చుతాడు. మరి పిల్లల కోసం దాచిందెంత? ఏమీ లేదు. ఎందుకు దాచలేదో నవలలోనే ఉంది, చివరికి వచ్చాక, ఆఖరి కూతురు లిడియా లేచిపోయినప్పుడు. పెళ్లైన కొత్తలో పొదుపు ఎందుకులే అనుకున్నారు, ఎలాగూ కొడుకు పుడతాడు, వాడికి వయసొచ్చాక ఆ షరతు రద్దు చేయించొచ్చు అనుకున్నారు. వరసగా ఐదుగురు ఆడపిల్లలు పుట్టారు. ఐదో పిల్ల తర్వాత కూడా ఎన్నో ఏళ్లు కొడుకు పుడతాడనే అనుకున్నారు. ఆ ఆశ వదులుకునేసరికి, ఇక దాచడం మొదలుపెట్టే వేళ దాటిపోయింది.

ఇది ఇంగ్లండు కథా? పుట్టింది అక్కడే. కానీ ఈ ఇల్లు మనకి తెలియదా? కొడుకు పుడతాడులే అని వరసగా కూతుళ్లని కన్న ఇళ్లు మన బంధువుల్లో ఎన్ని లేవు? ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అనేది మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో వచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా. అది కూడా అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే. దేశం మొత్తానికి రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చాక కూడా అన్నదమ్ములకి రాసిచ్చెయ్యమ్మా, పుట్టింటి రాకపోకలు పోతాయి అని కూతుళ్ల చేత సంతకాలు పెట్టించుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే 1813 నాటి నవలలో ఆస్తి షరతు గురించి నాలుగు మాటలు చదవగానే మన దగ్గర పాఠకులకి వెంటనే గుండెకి తగులుతుంది. లండన్‌లో ఇవాళ చదివే పిల్లకి అదేంటో ఫుట్‌నోటు వేసి చెప్పాలి. మనకి ఆ ఫుట్‌నోటు అవసరం లేదు.

వదినగారి లెక్క

ఇంకో నవలలో, 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో, రెండో అధ్యాయం ఉంది. చిన్నదే. నాకు ఆస్టిన్ రాసిన మొత్తంలో అదే ఎక్కువ ఇష్టం, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను, ఓపిక పట్టండి. తండ్రి పోతూపోతూ మొదటి భార్య కొడుకు జాన్‌ని పిలిచి, సవతితల్లినీ ముగ్గురు చెల్లెళ్లనీ చూసుకోరా అని మాట తీసుకున్నాడు. జాన్ మంచివాడే, అంటే చెడ్డవాడు కాదు. చెల్లెళ్లకి తలా వెయ్యి, మొత్తం మూడువేల పౌండ్లు ఇద్దామనుకున్నాడు. మనసులో పొంగిపోయాడు కూడా. భార్య ఫానీతో చెప్పాడు.

ఆవిడ పోట్లాడలేదు. గొంతు కూడా పెంచలేదు. మన బాబుకి రావలసిన డబ్బు కదండీ, వాడి నోటి దగ్గరది తీసి ఇస్తామా అంది. నిజమే, మరీ మూడువేలెందుకు, తలా ఐదొందలు చాలు అన్నాడు. కాసేపాగి, ఒకేసారి ఇచ్చేబదులు ఆవిడ బతికున్నంతకాలం ఏటా వంద ఇస్తే ఎలా ఉంటుంది అన్నాడు. అమ్మో, ఏటా ఇస్తామని మాటిచ్చామంటే అలాంటివాళ్లు చావనే చావరు, ఆవిడకి నలభై కూడా సరిగా లేవు, పైగా గట్టి మనిషి అంది. సరే, ఏటా వద్దు, అప్పుడప్పుడు ఓ యాభై పంపిద్దాం అన్నాడు. అసలు మీ నాన్నగారు డబ్బిమ్మని అనలేదండీ, ఇల్లు వెతికిపెట్టడం, సామాన్లు చేరవేయడంలో సాయం చెయ్యడం, సీజన్లో చేపలో వేటమాంసమో పంపడం, అంతే ఆయన ఉద్దేశం అంది. వాళ్ల నలుగురికీ కలిపి ఏడాదికి 500 పౌండ్లు వస్తాయి, బండి ఉండదు, గుర్రాలు ఉండవు, నౌకర్లు కూడా పెద్దగా ఉండరు, ఆడవాళ్లకి ఇంకేం కావాలి, ఆమాటకొస్తే వాళ్లే మనకి ఏదైనా ఇవ్వగలరు అంది! ఆఖరికి అత్తగారు పట్టుకెళ్లే పింగాణీ సామాను మీద కూడా కన్నేసింది.

మూడువేల నుంచి చేపల దాకా దిగింది. ఎక్కడా ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ తిట్టుకోలేదు, ప్రతి మెట్టు దగ్గరా ఇది న్యాయమే కదా అనిపించింది. ఒక మనిషి ఇచ్చిన మాట ఎలా కరిగిపోతుందో ఇంతకంటే బాగా రాసినవాళ్లు ఉన్నారా? నాకు తెలిసి లేరు. ఇది చదివాక ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లైనా, మా ఇంట్లో కూడా అచ్చం ఇలాగే జరిగింది అనకుండా ఉంటారా?

అందుకే 1995లో ఈ నవలని సినిమా తీసినప్పుడు దర్శకుడు తైవాన్ నుంచి వచ్చిన ఆంగ్ లీ అయినా ఇబ్బంది లేకపోయింది. స్క్రీన్‌ప్లే రాసిన ఎమ్మా థామ్సన్ ఈ బేరాన్ని సినిమా మొదట్లోనే పెట్టింది, ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది. 2000లో రాజీవ్ మీనన్ తమిళంలో 'కండుకొండేన్ కండుకొండేన్' తీశాడు, తెలుగులో 'ప్రియురాలు పిలిచింది'. రెహమాన్ పాటల వల్ల మీలో చాలామంది చూసే ఉంటారు, టబు, ఐశ్వర్యారాయ్, మమ్ముట్టి. పాటలు పక్కన పెట్టి కథ గుర్తు చేసుకోండి. కూతురూ మనవరాళ్లూ మంచంపట్టిన పెద్దాయనకి సేవ చేస్తారు, ఆయన పోయాక వీలునామా చూస్తే ఆస్తంతా కొడుక్కి రాసి ఉంటుంది, కొడుకూ కోడలూ ఇంట్లో దిగుతారు, వీళ్లు చెన్నై వెళ్లి పని వెతుక్కుంటారు. నవలలో చిన్నమ్మాయిని ప్రేమించే కల్నల్ బ్రాండన్ బదులు యుద్ధంలో కాలు పోగొట్టుకున్న మేజర్ వచ్చాడు. పెద్దమ్మాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం చేస్తుంది, చిన్నది సినిమాల్లో పాడుతుంది. ఆస్టిన్ అమ్మాయిలకి లేని దారి అదొక్కటే, ఉద్యోగం. మిగతాదంతా ఎక్కడా అతుకు కనిపించకుండా అమరిపోయింది.

ఆవిడ బతికిన ఇల్లు

ఈ లెక్కలు ఆవిడకి ఎలా తెలుసు? బతికి తెలుసుకుంది. 1805లో తండ్రి పోయాడు. తల్లీ, అక్క కాసాండ్రా, జేన్, ముగ్గురూ అన్నదమ్ముల మీద పడ్డారు. వాళ్లు తలా కొంత ఏడాదికింతని పంపారు, ఇది చెప్పి తీరాలి, వాళ్లు ఫానీ మాట విన్న జాన్‌ల లాంటివాళ్లు కారు. అయినా సొంత ఇల్లంటూ లేక నాలుగేళ్లు అటూ ఇటూ తిరిగారు. 1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్ అనే ఊళ్లో తన ఎస్టేటులోని ఇల్లు ఇచ్చాడు. ఆ అన్నని పిల్లలు లేని ధనిక బంధువులు దత్తత తీసుకున్నారు, అందుకే ఎస్టేటు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అక్కడ కిటికీ పక్కన ఒక చిన్న బల్ల ఉంది, ఒక కాగితం, ఒక సిరాబుడ్డి పడితే నిండిపోయేంత బల్ల. ఆవిడ నవలలన్నీ దాని మీద నుంచే వచ్చాయంటారు.

1802 డిసెంబరులో ఒక సంబంధం కూడా వచ్చింది. హారిస్ బిగ్ విదర్, పెద్ద ఎస్టేటు వారసుడు, ఆవిడకంటే చిన్నవాడు. సాయంత్రం సరేనంది. తెల్లారి లేచి కాదంది. ఇంకో రెండు వారాల్లో 27 నిండుతాయి. ఒప్పుకుంటే తల్లికీ అక్కకీ కూడా జీవితాంతం నీడ దొరికేది, అది తెలిసే కాదంది. ఆ రాత్రి ఏం ఆలోచించిందో తెలిపే ఉత్తరం ఒక్కటీ మిగల్లేదు, ఆవిడ ఉత్తరాల్లో చాలావాటిని తర్వాత అక్కే కాల్చేసింది. కానీ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో షార్లట్ లూకస్ అని ఎలిజబెత్ స్నేహితురాలు ఉంది. వయసు 27. అందంగా ఉండదు, డబ్బు లేదు. ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌నే కళ్లు తెరిచి చేసుకుంటుంది. ఎలిజబెత్ అసహ్యించుకుంటుంది, ఆస్టిన్ మాత్రం అసహ్యించుకోదు. షార్లట్ కొత్త ఇంట్లో తన గదిని ఎలా ఎంచుకుందో, భర్తని ఎలా తోటపనిలోకి పంపుతుందో ఎంత శ్రద్ధగా రాసిందో చదవండి. తను కాదన్న జీవితాన్ని ఒప్పుకున్న మనిషి మీద ఇంత గౌరవం చూపించడం చాలా పెద్ద మనసు అని నేను అనుకుంటాను.

మనకి సంబంధించిన ఒక సంగతి. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా, డబ్బులేని పిల్ల, 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చింది. ఎందుకు? మొగుడి కోసం. అప్పట్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల్ని పెళ్లాడటానికి ఇంగ్లండు ఆడపిల్లల్ని అలా పంపేవాళ్లు. మరుసటి ఏడాది కడలూరులో కంపెనీ డాక్టరు హాంకాక్‌తో పెళ్లయింది. వాళ్ల కూతురు ఎలైజా 1761లో కలకత్తాలో పుట్టింది, వారెన్ హేస్టింగ్స్ ఆ పిల్లకి గాడ్‌ఫాదర్. ఎలైజా ఫ్రెంచివాడిని చేసుకుంది, ఫ్రెంచి విప్లవంలో 1794లో అతని తల తీసేశారు, తర్వాత జేన్ అన్న హెన్రీని పెళ్లాడింది. ఇవన్నీ ఇంట్లో జరిగినవే. జేన్ 16 ఏళ్లప్పుడు రాస్తూ మధ్యలో ఆపేసిన ఒక కథలో పెళ్లి కోసం బెంగాల్‌కి పంపేసిన పిల్ల ఉంటుంది, డబ్బున్న మొగుడు దొరికాడు, సుఖం మాత్రం లేదు. పదహారేళ్ల పిల్ల అప్పటికే ఈ బేరాన్ని చూసేసింది.

అందుకే నాకు చర్చిల్ మాట మీద అభ్యంతరం. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943లో, ఆయనకి న్యుమోనియా వచ్చి మంచం మీద ఉంటే కూతురు 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదివి వినిపించింది. ఎంత ప్రశాంతమైన జీవితాలు వీళ్లవి, ఫ్రెంచి విప్లవం గోల లేదు, నెపోలియన్ యుద్ధాల బాధ లేదు అన్నట్టు ఆయన తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. ప్రశాంతమా? నాన్న పోతే ఇల్లు ఉండదు అన్న భయం కింద రోజూ బతికే ఐదుగురు పిల్లలది ప్రశాంతమైన జీవితమా? ఆ పల్లెటూళ్లోకి సైనికులు ఎందుకొచ్చి దిగారు, యుద్ధం ఉండబట్టి కాదూ? అయితే ఒకటి ఒప్పుకోవాలి, యుద్ధాల్లో ఆవిడని చదివినవాళ్లు చాలామంది. మొదటి ప్రపంచయుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న కిప్లింగ్ ఇంట్లో భార్యకీ కూతురికీ ఆస్టిన్‌ని పైకి చదివి వినిపించేవాడు, 1924లో కందకాల్లో ఆస్టిన్‌ని చదివే సైనికుల మీద ఒక కథే రాశాడు. వాళ్లకి దొరికింది ప్రశాంతత కాదేమో అనిపిస్తుంది నాకు. చేతిలో ఏ అధికారమూ లేనప్పుడు కూడా మనిషి తెలివిని చెదరకుండా ఉంచుకోవచ్చని చూపించే పుస్తకాలు అవి.

ఇప్పుడు గొంతు సంగతి. ఇది కొంచెం రచనకి సంబంధించిన విషయం, కథలు రాసే పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతాను. ఆస్టిన్ ఏం చేస్తుందంటే, కథ చెబుతూ చెబుతూ 'అనుకుంది' అని చెప్పకుండానే పాత్ర మనసులోకి జారిపోతుంది. మనం చదివేది రచయిత మాటా, పాత్ర భ్రమా తెలియదు. 1815 డిసెంబరులో వచ్చిన 'ఎమ్మా' మొత్తం ఇలాగే నడుస్తుంది. ఎమ్మా డబ్బున్న పిల్ల, తెలివైన పిల్ల, ఊళ్లో అందరికీ పెళ్లిళ్లు కుదురుస్తాననుకుంటుంది. స్నేహితురాలికి కుదురుద్దామనుకున్న పెద్దమనిషి ఒకరోజు బండిలో ఈవిడకే ప్రేమ వెలిబుచ్చుతాడు. అప్పటిదాకా ఎమ్మా చూసినట్టే మనమూ చూశాం, ఆమెతోపాటు మనమూ బోల్తా పడతాం. వెనక్కి తిప్పి చదివితే గుర్తులన్నీ అక్కడే ఉంటాయి.

సినిమావాళ్లకి కష్టమంతా ఇక్కడే. గౌన్లు కుట్టించొచ్చు, బంగళా అద్దెకి తీసుకోవచ్చు, ఈ గొంతుని ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే నాకు బాగా నచ్చినవి గౌన్లు లేనివే. 1995లో 'క్లూలెస్' వచ్చింది. ఎమ్మాని బెవర్లీ హిల్స్‌లో హైస్కూలు పిల్లని చేశారు, ఆ పిల్ల సినిమా అంతా తన కథ తానే మనకి చెబుతూ ఉంటుంది, చెప్పేదొకటి, తెర మీద కనిపించేది ఇంకొకటి. హెలెన్ ఫీల్డింగ్ 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ'కి డైరీ రూపం తీసుకుంది, అందులో హీరో ఇంటిపేరు కూడా డార్సీయే. 2012లో యూట్యూబులో ఎలిజబెత్ కథని వీడియో డైరీలుగా చేశారు, అమ్మాయి కెమెరా ముందు కూర్చుని మాట్లాడుతుంది, మిగతావాళ్లని తనే అనుకరించి చూపిస్తుంది, ఆమె అపోహలతోనే మనమూ వాళ్లని చూస్తాం. వీళ్లందరూ ముందు గొంతుని పట్టుకున్నారు, అందుకే నిలిచారు.

గౌన్లు ఉన్నవాటిలో 1995 నాటి బిబిసి సీరియల్ అందరికీ తెలుసు, కాలిన్ ఫర్త్ డార్సీ. చెరువులోంచి తడిబట్టలతో వచ్చే సీను ఉంది చూశారూ, అది నవలలో లేదు. ఉన్నా బాగుండేది కాదేమో, ఆస్టిన్ మగవాళ్లని మనకి ఆడవాళ్లు ఉన్నచోటే చూపిస్తుంది, మగవాళ్లు మాత్రమే ఉన్న సీను దాదాపు రాయదు. మొహాలు కూడా వర్ణించదని ముందే చెప్పాను కదా. ఎలిజబెత్‌కి మంచి కళ్లు, డార్సీ పొడుగు, అంతకంటే పెద్దగా తెలియదు. ఆ ఖాళీలో ఎవరి మొహమైనా పడుతుంది, టబు మొహం కూడా. మన దగ్గర యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివి పెరిగిన అమ్మలకి డార్సీని పరిచయం చెయ్యాల్సిన పనే లేదు. పొడుగు, డబ్బు, గర్వం, మాట తక్కువ, ఎదురుగా ఆత్మాభిమానం ఉన్న మధ్యతరగతి అమ్మాయి. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందని నేను అనడం లేదు. ఇలాంటి అమ్మాయికి అలాంటివాడి ముందు తల ఎత్తి నిలబడాలన్న కోరిక రెండుచోట్లా నిజమైనదే అంటున్నాను.

ఇక నోటు సంగతి. 2013లో ఇంగ్లండు బ్యాంకు ఐదు పౌండ్ల నోటు మీద జైళ్ల సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై బొమ్మ తీసి చర్చిల్‌ది పెడతామంది. అంటే రాణి తప్ప నోట్ల మీద ఇంకో ఆడమనిషి ఉండదు. కారొలిన్ క్రియాడో పెరెజ్ అనే ఆవిడ ఉద్యమం నడిపింది, బ్యాంకు దిగివచ్చి పది పౌండ్ల మీద ఆస్టిన్ అని ప్రకటించింది. దానికి క్రియాడో పెరెజ్‌కి ఏం దక్కిందో తెలుసా? ట్విట్టర్లో చంపేస్తామనీ, రేప్ చేస్తామనీ బెదిరింపులు. ఒక నోటు మీద ఒక ఆడమనిషి బొమ్మ అడిగినందుకు! బెదిరించినవాళ్లలో ఇద్దరికి జైలు కూడా పడింది. నోటు 2017లో వచ్చింది, ఆవిడ పోయి 200 ఏళ్లైన సంవత్సరం. దాని మీద చదవడాన్ని మించిన ఆనందం లేదు అనే అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. నవలలో ఆ మాట అన్నది కారొలిన్ బింగ్లీ, చదవడమంటే ఏమాత్రం ఇష్టం లేని మనిషి, డార్సీ కంట పడాలని పుస్తకం పట్టుకుని ఆవలిస్తూ అంది. బొమ్మ కూడా అక్క కాసాండ్రా గీసిన అసలుది కాదు, తర్వాత ఎవరో అందంగా దిద్దినది. వాక్యం మార్చాల్సింది, బొమ్మ మార్చాల్సింది అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పది పౌండ్లు అన్న అంకె మాత్రం నన్ను వదలదు. 1803లో ఆవిడ మొట్టమొదట ఒక నవల అమ్మింది సరిగ్గా పది పౌండ్లకే. కొన్నవాడు అచ్చు వెయ్యలేదు. పదమూడేళ్ల తర్వాత అదే పది పౌండ్లు కట్టి వెనక్కి తీసుకుంది, అదే 'నార్తాంగర్ ఆబీ', ఆవిడ పోయాకే వచ్చింది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులు 110 పౌండ్లకి అమ్మేసింది, 150 అడిగింది, ఇవ్వలేదు.

ఆవిడ డబ్బు లెక్కలో ఒక చోట మాత్రం చాలా కొంచెమే చెప్పి ఆగిపోతుంది, అది కూడా చెప్పాలి. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో బంగళా నడిచే డబ్బులో కొంత ఆంటిగ్వా తోటల నుంచి, అంటే బానిసల కష్టం నుంచి వస్తుంది. ఆ ఇంట్లో దయాధర్మం మీద పెరుగుతున్న ఫానీ ప్రైస్ బానిస వ్యాపారం గురించి పెదనాన్నని ఒక ప్రశ్న అడుగుతుంది. గదిలో ఎవరూ నోరు విప్పలేదు, అంతే. సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1993లో ఈ నవల మీద రాసినప్పటి నుంచి చర్చ నడుస్తూనే ఉంది, ఆవిడ కావాలని ఆపిందా, అంతకంటే ముందుకి వెళ్లలేకపోయిందా అని. వెళ్లాల్సింది అని నా అభిప్రాయం. కానీ అడిగే నోరు ఆ ఇంట్లో అందరికంటే పేదపిల్లకి ఇచ్చింది, అది చిన్న సంగతి కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇందాక ఒకమ్మాయి అడిగింది. అందరూ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అంటారు, అందులో తప్పేం లేదు. ముప్ఫై దాటినవాళ్లైతే 'పర్సుయేషన్' తీసుకోండి. డబ్బులేదని పెద్దవాళ్లు వద్దంటే పంతొమ్మిదేళ్లప్పుడు వదులుకున్న మనిషి, ఎనిమిదేళ్ల తర్వాత నౌకాదళంలో బాగా సంపాదించుకుని తిరిగొస్తాడు, ఆమెకి 27, అందం తగ్గిందని అందరూ అంటున్నారు. సన్న పుస్తకమే. ఇంగ్లీషు మొదటి ముప్ఫై పేజీలు కష్టంగా ఉంటుంది, వాక్యాలు పొడుగు, తొందరపడకండి, పైకి చదివితే దారిలో పడుతుంది. పుస్తకాలన్నిటికీ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఫోన్లో ఉచితంగానే దొరుకుతాయి. మన లైబ్రరీలో ఉన్న కాపీలు అక్కడ కుడివైపు బల్ల మీద పెట్టించాను, వెళ్లేటప్పుడు చూసుకోండి. ఇక మీరు అడగండి. మూడో వరసలో చెయ్యెత్తారు, చెప్పమ్మా.